రాయగడలో కారు షెడ్డులో 6 అడుగుల అక్వేరియం పెట్టవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కారు అమ్మేశారు. 18 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పున్న షెడ్డు ఖాళీగా ఉంది. ఒక మూల బండి మాత్రం పెడుతున్నారు. అక్కడ 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున ట్యాంకు కట్టించి అరోవానా, ఆస్కార్ అనే పెద్ద చేపలు పెంచాలని ఉంది. నేల బరువు మోస్తుందా, రాయగడ ఎండకు చేపలు బతుకుతాయా, కరెంటు బిల్లు ఎంత వస్తుంది అన్నారు.

పెట్టవచ్చు. చెప్పాలంటే హాల్లో కంటే షెడ్డే నయం. ఆస్కార్లు సరే, అరోవానా మాత్రం ఈ సైజులో వద్దు. ట్యాంకును అన్నీ సవ్యంగా ఉన్న రోజుల కోసం కాక, కరెంటు లేని మూడు నాలుగు రోజులను తట్టుకునేలా కట్టండి. మన వైపు పెద్ద ట్యాంకులు గాజు పగిలి పోవడం అరుదు. ఎక్కువగా పోయేది తుఫాను రాత్రో, మే నెల మధ్యాహ్నమో నీటిలో ప్రాణవాయువు తగ్గి.

నేను ఉండేది బరంపురంలో. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోనూ ఇటు ఆంధ్రలో ఇచ్ఛాపురం, పలాస వైపూ ట్యాంకులు కట్టి, వాటి బాగోగులు చూడటం నా పని. అందులో చూసిందే చెబుతున్నాను.

ముందు బరువు సంగతి. మీ కొలతలకు నీళ్లే సుమారు 680 లీటర్లు, అంటే 680 కిలోలు. 12 మి.మీ. గాజు చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది కాబట్టి గాజు ఒక్కటే 120 కిలోల పైన. ఇసుక, రాళ్లు, స్టాండు కలిపితే మొత్తం టన్నుకు దగ్గర పడుతుంది. వినడానికి పెద్ద అంకెలా ఉన్నా, నాలుగు టైర్ల మీద కారును మోసిన గచ్చుకు ఇది కష్టం కాదు. చూసుకోవలసింది ఇంకొకటుంది. మన ఊళ్లలో చాలా ఇళ్లకు సెప్టిక్ ట్యాంకో, నీళ్ల సంపో షెడ్డు కిందే ఉంటుంది. ఇల్లు కట్టిన మేస్త్రీని గానీ మీ ఇంట్లో పెద్దవాళ్లను గానీ అడిగి, అది ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉందో సుద్దముక్కతో నేల మీద గీయించండి. ఆ గీత లోపల ట్యాంకు పెట్టకండి. కారు వచ్చి పోయే బరువు, ఇది ఏళ్ల తరబడి కదలకుండా కూర్చునే బరువు.

రెండోది వాలు. కారు షెడ్డు నేలను నీళ్లు బయటికి పోవడానికి గేటు వైపు వాలుగా పోస్తారు. కంటికి ఆనదు గానీ 6 అడుగుల పొడవున అంగుళం దాకా తేడా ఉండవచ్చు. అలాగే స్టాండు పెట్టి నీళ్లు నింపితే బరువంతా ఒక చివరకు చేరుతుంది, స్టాండు మెలి తిరుగుతుంది, ఆ మెలి సిలికాన్ అతుకుల మీద పడుతుంది. పర్లాకిమిడిలో ఒకరింట్లో కాళ్ల కింద చెక్కముక్కలు దోపి సర్దారు. వానాకాలంలో చెక్క ఉబ్బింది. అడుగు అతుకు నుంచి చెమ్మ రావడం చూసి పిలిస్తే, నీళ్లన్నీ తోడి మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. తాపీ మేస్త్రీ చేత రసమట్టం పెట్టించి, ట్యాంకు కంటే నాలుగు వైపులా ఆరంగుళాలు ఎక్కువగా సిమెంటు దిమ్మ కట్టించుకోండి. వారం రోజులు తడిపి ఆరనివ్వండి. దాని మీద ఇనుప స్టాండు, స్టాండు మీద మందమైన ప్లైవుడ్, ఆ పైన అరంగుళం థర్మాకోల్, అప్పుడు ట్యాంకు. స్టాండుకు చతురస్రపు ఇనుప గొట్టాలు వాడి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, రెండు కోట్లు ఎనామిల్ వేయించండి. రాయగడలో గోపాలపురం అంత ఉప్పుగాలి లేదు గానీ ట్యాంకు కింద ఎప్పుడూ తడి ఉంటుంది, తుప్పు తప్పదు.

గాజు మీద నీటి ఒత్తిడి ఎత్తును బట్టి ఉంటుంది, ట్యాంకు ఎంత పొడవన్నది ఆ ఒత్తిడిని పెంచదు. పొడవు పెరిగితే గాజు మధ్యలో ఉబ్బడం పెరుగుతుంది, పైన అడ్డపట్టీలు అందుకే. 2 అడుగుల ఎత్తుకు 12 మి.మీ. గాజు, పైన పొడవునా పట్టీలు, మధ్యలో ఒక అడ్డం ఉండాలి. దుకాణాల వాళ్లు 10 మి.మీ. చాలంటారు. ఒప్పుకోకండి.

డబ్బు సర్దుకోవాలంటే గాజు మందం కాదు, ఎత్తు తగ్గించండి. 6×2×1.5 అడుగులైతే 510 లీటర్లు. చేపలు ఈదే నేల అంతే ఉంటుంది, నీరు గాలిని తాకే పైభాగమూ అంతే ఉంటుంది, గాజు ఖర్చు తగ్గుతుంది, అడుగు శుభ్రం చేయడానికి చేయీ అందుతుంది. ఎత్తైన ట్యాంకు చూడటానికి దర్జాగా ఉంటుందని చాలామంది అటే మొగ్గుతారు. చేపకు కావలసింది వెడల్పు.

సిలికాన్ దగ్గర పొదుపు వద్దు. బాత్రూముల్లో బూజు పట్టకుండా వాడే రకం విషం, దాన్ని తేనివ్వకండి. వెనిగర్ వాసన వేసే మామూలు గాజు సిలికానే కావాలి. అతికించాక వారం ఆరనిచ్చి, ఇసుక వేయకముందే నీళ్లు నిండా పోసి కొన్ని రోజులు ఉంచండి. కింద పాత వార్తాపత్రిక పరిస్తే చెమ్మ ఎక్కడొచ్చినా తెలుస్తుంది.

ఇక ఎండ. గాజు కొనకముందు చేయవలసిన పని ఒకటుంది. 200 లీటర్ల డ్రమ్ము నిండా నీళ్లు పోసి, ట్యాంకు రావలసిన చోట ఏప్రిల్ ఆఖర్లో గానీ మే మొదట్లో గానీ వారం ఉంచండి. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ నీటిలో థర్మామీటరు పెట్టి రాసుకోండి. గాలి వేడి కాదు, నీటి వేడి చూడాలి. 30, 31 డిగ్రీల దగ్గర ఆగితే సంతోషం. 33 దాటితే ముందు ఖర్చు పెట్టవలసింది ట్యాంకు మీద కాదు, కప్పు మీద. రేకుల కప్పయితే లోపల థర్మాకోల్ సీలింగు కొట్టించండి. స్లాబయితే పైన తెల్ల సున్నం గానీ కూల్ పెయింట్ గానీ వేయించండి. పడమటి కిటికీ ఉంటే మూసేయండి. ట్యాంకు మీద నేరుగా ఎండ పడితే వేడితో పాటు పాచి కూడా పెరుగుతుంది.

వేడికి ఎందుకింత భయమంటే, నీరు వేడెక్కే కొద్దీ ప్రాణవాయువును పట్టి ఉంచలేదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది. 30 దగ్గర 7.5, 35 దగ్గర 7 కంటే తక్కువ. అదే సమయంలో వేడి నీటిలో చేపకు ఆకలీ ఊపిరీ రెండూ పెరుగుతాయి, కుళ్లే మేతా ఎక్కువే తింటుంది ప్రాణవాయువును. పైగా వేడి, క్షారత పెరిగితే అమ్మోనియా విషం కూడా ఎక్కువవుతుంది. అన్నీ ఒకేసారి మీద పడతాయన్నమాట. మే నెలలో ఉదయానికి చేపలు పైకి తేలి నోరు ఆడిస్తూ కనిపించాయంటే రోగం అనుకుని మందు పోస్తుంటారు. మందు కాదు, గాలి కావాలి.

చల్లబరచడానికి నీటి ఉపరితలం మీదుగా వీచేలా టేబుల్ ఫ్యాను పెట్టండి. ఆవిరి లేచేటప్పుడు నీరు రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఈ ఉపాయం మా బరంపురంలో గాలి చెమ్మ వల్ల అంతగా పనిచేయదు. మీ రాయగడలో ఎండాకాలపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాగా పనికొస్తుంది. ఆవిరైన మేరకు రోజూ నీళ్లు కలపండి. ఆవిరైతే నీరే పోతుంది, లవణాలు అక్కడే మిగులుతాయి. అందుకని పైన పోసేవి వాననీళ్లో, ఆర్‌వో నీళ్లో అయితే మంచిది. ఐసు సీసాలు వేయడం మాత్రం మానుకోండి. ఒకసారి దించి మళ్లీ ఎక్కే వేడి చేపకు నిలకడైన 32 కంటే చెడ్డది.

చలికాలం మీకు పెద్ద గండం కాదు. కోరాపుట్ వైపు ఎత్తు మీద డిసెంబరు రాత్రులు బాగా చలి, అక్కడివాళ్లకు హీటరు తప్పదు. షెడ్డులో మీకూ జనవరిలో కొన్ని వారాలు అవసరం పడవచ్చు. ఒక పెద్ద హీటరు బదులు 200 వాట్లవి రెండు పెట్టండి. ఒకటి ఆరిపోకుండా ఉండిపోయినా నీళ్లు మరగవు, ఒకటి పాడైనా చేపలు చలికి పోవు.

ఇప్పుడు అసలు సంగతి, కరెంటు. మన ప్రాంతపు తుఫాన్ల తేదీలు ఒకసారి గుర్తు చేసుకోండి. పైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు. అందుకే నేను చూసే ట్యాంకులన్నింటికీ ఒక నియమం పెట్టాను. సెప్టెంబరు ఆఖరుకు బ్యాకప్ అంతా సరిచూసుకోవాలి. దసరా, దీపావళి మధ్య కొత్త చేపలు దించకూడదు. పండక్కి చుట్టాలకు చూపించాలని అప్పుడే నిండా చేపలు దించుతుంటారు. సరిగ్గా అదే పొరపాటు.

తిత్లీ తర్వాత పర్లాకిమిడిలో రెండిళ్లు చూశాను. ఒకరిది ఖరీదైన క్యానిస్టర్ ఫిల్టరు (మూత బిగించిన డబ్బాలో ఉండేది), ఇంట్లో పెద్ద ఇన్వర్టరు. ఆ ఇన్వర్టరు మీదే లైట్లు, ఫ్యాన్లు, సెల్ ఛార్జర్లు. మొదటి రాత్రికే బ్యాటరీ అయిపోయింది. మూసి ఉన్న క్యానిస్టర్‌లో నీరు కదలక లోపలి మంచి సూక్ష్మజీవులు ఊపిరాడక చచ్చాయి. కరెంటు రాగానే సంబరంగా స్విచ్చి వేశారు, ఆ కుళ్లంతా ఒక్కసారిగా ట్యాంకులోకి వచ్చింది. అప్పటిదాకా బతికిన చేపలు ఆ రోజు పోయాయి. రెండో ఇంట్లో ఉన్నవి మూడు స్పంజి ఫిల్టర్లు, బ్యాటరీతో నడిచే ఒక చిన్న ఎయిర్ పంపు. ఆస్కార్లు మెత్తబడ్డాయి గానీ ఒక్కటీ పోలేదు.

స్పంజి ఫిల్టరు చవకది, చూడటానికి బాగుండదు, దుకాణంలో ఎవరూ సిఫారసు చేయరు. కానీ గాలి బుడగలతో నడిచేది కాబట్టి ఒక్క ఎయిర్ పంపు తిరిగితే చాలు, నీటికి ప్రాణవాయువూ అందుతుంది, స్పంజిలోని సూక్ష్మజీవులూ బతుకుతాయి. మీరు ప్రధాన ఫిల్టరుగా కింద సంపు (ట్యాంకు నీరు దిగి, వడకట్టుకుని, మోటారుతో మళ్లీ పైకి వెళ్లే తొట్టె) పెట్టుకోండి, షెడ్డులో చోటుంది కదా. దాంతో పాటు రెండు మూలల్లో రెండు పెద్ద స్పంజి ఫిల్టర్లు తప్పనిసరి.

ఇన్వర్టరు లెక్క కూడా చెబుతాను. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-గంటలు. బ్యాటరీ దెబ్బతినకుండా వాడుకోగలిగేది సుమారు 1000 అనుకోండి. ఎయిర్ పంపు తినేది 5 నుంచి 10 వాట్లే. కానీ ఇన్వర్టరు ఏమీ నడపకపోయినా తన కోసం తాను 15, 20 వాట్లు తింటుంది. రెండూ కలిపి 30 వాట్లయితే 33 గంటల్లో అయిపోతుంది, అదీ ఇంట్లో ఇంకేదీ వేయకపోతే. అదే 12 వోల్టుల డీసీ ఎయిర్ పంపును విడి బ్యాటరీకి నేరుగా తగిలిస్తే, 5 వాట్ల పంపు వారం పైన నడుస్తుంది. కాబట్టి ట్యాంకుకు దాని బ్యాటరీ దానికే ఉండాలి.

కరెంటు పోయిన రోజుల్లో మేత వేయకండి. పెద్ద చేప వారం రోజులు తిండి లేకుండా సులువుగా ఉంటుంది. వేసిన మేతే అమ్మోనియా అయి చంపుతుంది. కరెంటు వచ్చాక, కొన్ని గంటలకు మించి ఆగి ఉన్న ఫిల్టరును విప్పి, లోపలి నీరు పారబోసి, ట్యాంకు నీటితోనే జాడించి, అప్పుడు వేయండి.

సంపు పెట్టేవాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. మోటారు ఆగగానే పైట్యాంకులో రెండంగుళాల నీరు కిందికి దిగుతుంది. మీ ట్యాంకుకు రెండంగుళాలంటే సుమారు 57 లీటర్లు. సంపులో ఎప్పుడూ అంత ఖాళీ ఉండాలి. నీటిని పైకి తెచ్చే రిటర్న్ గొట్టానికి, ట్యాంకు నీటి మట్టానికి కాస్త కిందే చిన్న రంధ్రం వేయిస్తే గాలి చొరబడి వెనక్కి లాగడం ఆగుతుంది. నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వును నమ్ముకోకండి, అందులో నత్తో, ఇసుకో ఇరుక్కుంటుంది. అన్నీ అమర్చాక మీరే మెయిన్ ఆపి చూడండి, గచ్చు తడవకపోతే సరిగ్గా ఉన్నట్టు.

వైరింగులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) లేకుండా నీటిలో చేయి పెట్టవద్దు. ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. ప్లగ్గులు నీటి మట్టం కంటే పైన ఉండాలి, ప్రతి వైరూ ప్లగ్గుకు ముందు కిందికి వేలాడి పైకి వెళ్లాలి, కారిన చుక్క అక్కడే రాలిపోతుంది. షెడ్డంటే ఎలుకలు ఉంటాయి. వైర్లు, గాలి గొట్టాలు పీవీసీ పైపులోంచి తీయించండి.

షెడ్డుకే ప్రత్యేకమైన ప్రమాదం ఇంకొకటుంది, గాలిలోని విషం. ఎయిర్ పంపు చుట్టూ ఉన్న గాలినే పీల్చి నీటిలోకి కొడుతుంది. బండి పొగ, పెట్రోలు ఆవిరి, థిన్నర్ వాసన, దోమల మందు అన్నీ చేరేది అక్కడికే. దోమల మందుల్లో ఎక్కువ భాగం పైరెథ్రాయిడ్లు అనే పురుగుమందులు. మనుషులకు పెద్దగా హాని చేయని మోతాదులోనే చేపల్ని చంపుతాయి. మన కొండ ప్రాంతాల్లో మలేరియా కోసం ఇంటింటికీ గోడలకు మందు కొడతారు, అది కొట్టాలి కూడా, వద్దనకండి. వాళ్లు వచ్చే రోజు తెలుసుకుని ట్యాంకును, సంపును ప్లాస్టిక్ పట్టాతో పూర్తిగా కప్పి, షెడ్డును చివరికి ఉంచమని అడగండి. ఎయిర్ పంపును మొదటి నుంచీ ఇంటి లోపల గదిలో పెట్టి, గొట్టాన్ని గోడ రంధ్రం గుండా షెడ్డులోకి తీసుకోండి. మందు కొట్టే రోజు ఆ గది చివర్న చేయిస్తే సరిపోతుంది. పంపు నీటి మట్టం కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీరు గొట్టం గుండా వెనక్కి వస్తుంది. ఆ మూల పెడుతున్న బండిని మాత్రం స్టార్ట్ చేయకుండా బయటికి తోసుకుని వెళ్లండి.

నీరు. మున్సిపాలిటీ నీరైతే క్లోరిన్ ఉంటుంది, బావిలో బ్లీచింగ్ వేసిన రోజుల్లో బావి నీటిలోనూ ఉంటుంది. ఒక రోజు డ్రమ్ములో ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి ఉంచితే పోతుంది, తొందరైతే సోడియం థయోసల్ఫేట్, దుకాణంలో హైపో అంటారు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే, చేతిలో పట్టుకునే టీడీఎస్ పెన్ను చూసి నీరు మంచిదని నిర్ణయించకండి. అది అమ్మోనియాను చెప్పదు, నైట్రైట్‌ను చెప్పదు, క్షారతనూ చెప్పదు. వీటికి చుక్కల టెస్టు కిట్టు కొనండి.

కొత్త ట్యాంకు సిద్ధం కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేప వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ముందు పెరగాలి. అవి నీటిలో తేలుతూ ఉండవు, స్పంజికి, రాళ్లకు అంటుకుని ఉంటాయి. నాటు వేసే ముందు నారుమడి పెంచుకున్నట్టే ఇది. తెలిసినవాళ్ల ట్యాంకులో పాతబడిన స్పంజి ఒకటి తెచ్చి పెడితే చాలా రోజులు కలిసొస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేప.

ఇక చేపల సంగతి. వెండి అరోవానా మూడడుగుల దాకా పెరుగుతుంది. 2 అడుగుల వెడల్పు ట్యాంకులో అది తిరగాలంటే ఒళ్లు వంచుకోవాలి. దుకాణంలో అరచేతంత పిల్ల చూసి మనసు పడటం సహజమే, కానీ దాని జీవితమంతా మీరు చూడాలి కదా. షార్క్ పేరుతో అమ్మే పంగాసియస్, రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్ కూడా ఇలాంటివే. మీ ట్యాంకులో ఒక జత ఆస్కార్లు, వాటితో పాటు కొన్ని టిన్‌ఫాయిల్ బార్బ్‌లు హాయిగా ఉంటాయి. ఆస్కార్ ఒక్కోటి అడుగు దాకా వస్తుంది, కాబట్టి పిల్లలప్పుడు ఖాళీగా కనిపించినా నింపకండి. ఇంకా నిశ్చింత కావాలంటే ముత్యాల గౌరామిలు. గౌరామి పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు, కరెంటు పోయినా మిగతా చేపల కంటే ఎక్కువసేపు తట్టుకుంటుంది. వీటిని ఆస్కార్లతో కలపకండి, తినేస్తాయి. గోల్డ్ ఫిష్‌కు చల్లటి నీరు, ఎక్కువ ప్రాణవాయువు కావాలి. మీ షెడ్డు దానికి తగదు.

కలకత్తా నుంచి రైల్లో వచ్చిన చేపలైతే ఒక జాగ్రత్త. సంచిలో గంటల తరబడి ఉన్న నీటిలో అమ్మోనియా పేరుకుంటుంది. సంచి మూసి ఉన్నంతసేపు చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల నీరు ఆమ్లంగా ఉండి ఆ విషం అణిగి ఉంటుంది. సంచి విప్పగానే అది లేస్తుంది. అందుకే సంచి విప్పకుండానే పావుగంట తేలనిచ్చి వేడి సమం కాగానే, వలతో చేపను మాత్రం తీసి వేయండి, సంచి నీరు పారబోయండి. ముందు రెండు వారాలు విడి తొట్టెలో ఉంచి చూడటం మరవకండి.

పెంచలేకపోతే నాగావళిలోనో, చెరువులోనో వదలకండి, ఇది మరీ మరీ చెబుతున్నాను. ట్యాంకుల్లోంచి బయటపడ్డ సక్కర్ చేప ఇప్పటికే చేపల చెరువుల రైతుల వలలు పాడుచేస్తోంది. నాలాంటివాళ్లకు చెబితే ఎవరో ఒకరు తీసుకుంటారు.

కరెంటు బిల్లు అడిగారు. సంపు మోటారు, ఎయిర్ పంపు, లైటు కలిపి సగటున 100 వాట్లు అనుకుంటే రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. వేసవిలో ఫ్యాను, చలిలో హీటర్లు దీనికి అదనం. వారానికి నాలుగో వంతు నీరు, అంటే 170 లీటర్లు మార్చాలి. ఇక్కడే షెడ్డు ఉపయోగం తెలుస్తుంది. హాల్లో అయితే బకెట్లు మోయాలి, మీకు గొట్టం పెట్టి వాలు మీదుగా బయటికి వదిలేయడమే. ఆ నీరు మొక్కలకు మంచిది, అరటి చెట్టో, బొప్పాయో ఉంటే అటు మళ్లించండి.

షెడ్డు కప్పు రేకా స్లాబా, సెప్టిక్ ట్యాంకు ఎటువైపు ఉంది, గేటు ఏ దిక్కు అన్నది రాయండి. స్టాండు కొలతలు, సంపు గదుల కొలతలు గీసి పంపుతాను.